గిండీ ఇంజనీరింగు కళాశాలలో తొలి విద్యార్థినులు

మద్రాసు నగరానికి దక్షిణంగా, గిండీ అనే చోట, ఎర్రని గోడలతో ఎత్తయిన పాతకాలపు భవనం ఒకటి ఉన్నది. అది ఇంజనీరింగు కళాశాల. 1920లో అది ఇక్కడికి తరలివచ్చింది. కాని కళాశాల వయస్సు ఈ భవనం వయస్సు కంటె చాల ఎక్కువ. మన దేశంలోని ఇంజనీరింగు విద్యాసంస్థలలో దీనంత లోతుకు వేళ్లు పోయినది మరొకటి కనబడదు.

పద్ధెనిమిదవ శతాబ్దం చివరి రోజులలో ఈస్టిండియా కంపెనీవారికి దక్షిణ దేశంలో భూములు చేతికి వచ్చినవి గాని, వాటికి సరియైన పటాలు లేవు. ఏ ఊరు ఎక్కడ ఉన్నదో, ఏ నది ఎటు పోతున్నదో కొలిచి గీయగలవారు కావలసి వచ్చింది. మైకేల్ టాపింగ్ అనే సర్వేయరు సూచనపై 1794లో మద్రాసులో ఒక సర్వే పాఠశాల వెలిసింది. మొదట చేరినవారు ఎనిమిది మంది బాలురు. ఈ టాపింగ్‌ను తెలుగువారు గుర్తుంచుకోవటం న్యాయం. గోదావరి, కృష్ణా ప్రాంతాలలో కొలతలు జరిపి, గోదావరి నీటిని పొలాలకు మళ్లించవచ్చునని కాటన్ కంటె అర్ధశతాబ్దం ముందే చెప్పినవాడు ఆయన. 1796లో మచిలీపట్నంలోనే మరణించాడు.

కాటన్ కాలం వచ్చేసరికి పని స్వరూపం మారిపోయింది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లోను, కృష్ణ మీద విజయవాడ ఆనకట్ట 1855లోను పూర్తి అయినవి. ఆనకట్ట ఒకటి కడితే సరిపోదు. దాని వెనుక కాలువలు, లాకులు, తూములు, వంతెనలు, బాటలు రావాలి. వీటన్నిటికి ఇంగ్లండు నుంచి మనుషులను తెప్పించటం అయ్యే పని కాదు. సర్వే పాఠశాల 1858లో సివిల్ ఇంజనీరింగు పాఠశాలగాను, ఆ మరుసటి సంవత్సరం కళాశాలగాను మారింది. 1894లో మెకానికల్ శాఖ, 1930లో ఎలెక్ట్రికల్ శాఖ చేరినవి. ఎలెక్ట్రికల్ శాఖ సరిగా తరుణంలోనే వచ్చింది. నీలగిరులలో పైకారా జలవిద్యుత్ కేంద్రం 1932లో పనిచేయ మొదలు పెట్టింది. దేశంలో కరెంటు అనే మాట అప్పుడప్పుడే పట్నాలు దాటి చిన్న ఊళ్లకు చేరుతున్నది.

ఆనాడు ఆంధ్ర జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉండేవి. ఆ జిల్లాలలో ఎక్కడా ఇంజనీరింగు కళాశాల లేదు. నైజాం రాజ్యంలో మాత్రం 1929లో ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి కళాశాల ఏర్పడింది. కావున గోదావరి ఒడ్డున పుట్టినా, పెన్న ఒడ్డున పుట్టినా, ఇంజనీరు కాదలచిన తెలుగు కుర్రవాడు పెట్టె సర్దుకొని గిండీకి రావలసిందే. అట్లా వచ్చినవారిలో కృష్ణా జిల్లా కంకిపాడులో పుట్టిన కానూరి లక్ష్మణరావు ఒకరు. చిన్నతనంలో ఆటలో తగిలిన దెబ్బవల్ల ఒక కంటి చూపు పోయినా చదువు మానలేదు. మద్రాసు రాష్ట్రంలో ఇంజనీరింగులో మాస్టర్స్ పట్టా పొందిన మొదటి విద్యార్థి ఆయనే. 1939లో బర్మింగ్‌హాం విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొందారు. తరువాత కేంద్రంలో నీటిపారుదల, విద్యుచ్ఛక్తి శాఖల మంత్రి అయినారు. నాగార్జునసాగరం పేరు చెప్పినప్పుడు ఆయన పేరు చెప్పక తప్పదు.

ఇంత పేరుగల కళాశాలలో 1940 వరకు ఒక్క విద్యార్థిని కూడ లేదు.

మద్రాసు నగరం ఆడపిల్లల చదువులో వెనుకబడినదేమీ కాదు. మద్రాసు వైద్య కళాశాల 1875లోనే నలుగురు స్త్రీలను చేర్చుకొన్నది. స్త్రీల కోసమే క్వీన్ మేరీస్ కళాశాల 1914లో వెలిసింది. వైద్య కళాశాల తలుపు తెరచిన అరవై అయిదేళ్లకు గాని ఇంజనీరింగు కళాశాల తలుపు తెరుచుకోలేదు. దీనికి కారణం ఊహించటం కష్టం కాదు. స్త్రీలకు వైద్యం చేయటానికి స్త్రీలు కావాలని అందరూ ఒప్పుకొన్నారు. పురుష వైద్యుని చేయి పట్టుకోనివ్వని ఇళ్లు ఎన్నో ఉండేవి గనుక ఆడ డాక్టరు అవసరం అందరికీ కళ్లకు కనబడేది. ఆడ ఇంజనీరు లేకపోతే ఆగిపోయే పని ఏదీ ఎవరికీ తోచలేదు. పైగా ఇంజనీరంటే ఎండలో గొలుసు పట్టించి పొలాలు కొలిపించేవాడు, డేరాలలో ఉండేవాడు, వందలాది కూలీలచేత పని చేయించేవాడు అనే చిత్రం జనుల మనస్సులో పాతుకుపోయింది. ఇంజనీరు చేసే పనిలో సగం కాగితం మీద, లెక్కలలో, బొమ్మలలో జరుగుతుందన్న సంగతి ఆ వృత్తిలో ఉన్నవారికే తెలుసు.

ఆ సంగతి తెలిసిన ఇంటిలో పుట్టినది లలిత. తండ్రి పప్పు సుబ్బారావు గిండీలోనే ఎలెక్ట్రికల్ ఇంజనీరింగు ఆచార్యులు. తెలుగు కుటుంబం. ఏడుగురు సంతానంలో లలిత అయిదవది. పుట్టినది 1919 ఆగస్టు 27న. అన్నదమ్ములు ఇంజనీరింగు చదివారు. ఆడపిల్లలకు మాత్రం ఆనాటి వాడుక ప్రకారం కొద్దిపాటి చదువు, చిన్నతనంలో పెళ్లి. లలితకు పదిహేనేళ్ల వయస్సులో, 1934లో, అయ్యలసోమయాజులవారి ఇంటి అబ్బాయితో వివాహం జరిగింది. పెళ్లి తరువాత కూడ పదవ తరగతి వరకు చదవనిచ్చారు. 1937లో కూతురు పుట్టింది. బిడ్డకు నాలుగు నెలల వయస్సులోనే భర్త మరణించాడు.

పద్ధెనిమిదేళ్లకే వైధవ్యం వచ్చిన స్త్రీకి ఆనాటి సంఘంలో ఎటువంటి జీవితం ఉండేదో వివరించనక్కరలేదు. లలిత పుట్టింటికి తిరిగివచ్చింది. తన కాళ్ల మీద తాను నిలబడాలని నిశ్చయించుకొన్నది. క్వీన్ మేరీస్ కళాశాలలో చేరి ఇంటర్మీడియట్ మొదటి తరగతిలో ప్యాసయింది. అప్పటికి చదువుకొన్న స్త్రీలకు రెండే దారులు. ఒకటి టీచరు పని, రెండవది డాక్టరు పని. వైద్యవృత్తిలో వేళాపాళా లేదు. అర్ధరాత్రి పిలుపు వస్తే పసిబిడ్డను వదలి పోవాలి. నిర్ణీతమైన వేళలలో పనిచేసి ఇంటికి తిరిగి రాగల వృత్తి ఆమెకు కావలసి ఉన్నది. తండ్రి, అన్నదమ్ములు ఉన్న వృత్తి వైపు మనస్సు పోయింది. ఏదో గొప్ప ప్రథమ స్థానం సంపాదించాలని ఆమె గిండీకి పోలేదు. బిడ్డను పెంచుకుంటూ చేయగల పని ఏదా అని లెక్క వేసుకొని పోయింది.

తండ్రి ఆ కళాశాలలోనే ఆచార్యులు గనుక దరఖాస్తు ఎవరి బల్ల మీదికి పోవాలో తెలుసు. ప్రిన్సిపాలు కె. సి. చాకోతో మాట్లాడారు. తరువాత రాష్ట్ర విద్యాశాఖ డైరెక్టరు ఆర్. ఎం. స్టాథాం అనుమతి కోరారు. ఇద్దరూ కాదనలేదు. 1940లో లలిత ఎలెక్ట్రికల్ ఇంజనీరింగు కోర్సులో చేరింది. వందలాది విద్యార్థుల మధ్య ఆమె ఒక్కతే స్త్రీ.

తోటి విద్యార్థులు ఆమెను గౌరవంగానే చూశారట. ఇబ్బంది తరగతిలో రాలేదు, హాస్టలులో వచ్చింది. పాఠం ముగిసిన తరువాత మాట్లాడేందుకు మనిషి లేదు. దీనికి సుబ్బారావుగారు వెతికిన ఉపాయం మెచ్చుకోదగినది. కూతురికి తోడుగా ఇంకొక దాదిని పెట్టటమో, ఇంటి నుంచి వచ్చిపోయే ఏర్పాటు చేయటమో కాక, కళాశాలలో స్త్రీలను చేర్చుకొంటారని ప్రకటన చేయించారు. మరుసటి ఏడాది ఇద్దరు వచ్చి చేరారు. ఇద్దరూ కేరళ దేశం వారు. ఒకరు లీలమ్మ జార్జి, రెండవవారు పి. కె. థ్రెసియా. ఇద్దరూ సివిల్ ఇంజనీరింగు తీసుకొన్నారు. లలితకు లోపల తండ్రి ఉన్నాడు. ఈ ఇద్దరికి గిండీలో అటువంటి ఆధారం ఏదీ లేదు. ప్రకటన ఒకటి అచ్చు కావటంవల్ల మాత్రమే తలుపు తెరచి ఉన్నదని వారికి తెలిసింది. ఒక్కరికి ఇచ్చిన అనుమతి ఆ ఒక్కరితో ఆగిపోవచ్చును. అందరికీ తెలిసేటట్లు చెప్పినప్పుడే అది అవకాశం అవుతుంది.

రెండవ ప్రపంచయుద్ధం నడుస్తున్న రోజులవి. ఇంజనీర్లు త్వరగా కావలసి వచ్చి తరువాతి తరగతివారి కోర్సును కొన్ని నెలలు తగ్గించారు. ఆ కారణంచేత ఒక ఏడాది వెనుక చేరిన థ్రెసియా, లీలమ్మలు కూడ లలితతోపాటు 1943లోనే చదువు ముగించారు. పట్టాలు ఇచ్చే వేళకు ఒక చిక్కు వచ్చింది. పట్టా కాగితాల మీద పురుషుని ఉద్దేశించిన ఇంగ్లీషు సర్వనామమే అచ్చయి ఉన్నది. స్త్రీ ఆ పరీక్ష ప్యాసవుతుందని అచ్చువేయించినవారికి తోచలేదు. ఆ మాటను కొట్టివేసి, పక్కన స్త్రీని తెలిపే మాటను కలంతో వ్రాసి ఇచ్చారు.

ఇంజనీరింగు పట్టాకు చదువుతోపాటు ఒక సంవత్సరం కర్మాగారంలో పనిచేసిన అనుభవం కూడ ఉండాలి. లలిత బీహారులోని జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఆ శిక్షణ పూర్తిచేశారు. 1862 నుంచి నడుస్తూ వస్తున్న ఆ వర్క్‌షాపులో ఆవిరి ఇంజన్లను విప్పి బాగుచేసేవారు, కొత్తవి తయారు చేసేవారు. నూనె, మసి, సమ్మెట మోతల మధ్య ఒక ఏడాది గడపటం మగపిల్లలకే కష్టమనిపించే పని.

తరువాత సిమ్లాలోని కేంద్ర ప్రమాణాల సంస్థలో ఇంజనీరింగు అసిస్టెంటుగా సుమారు రెండేళ్లు పనిచేశారు. అక్కడ ఉండగానే లండన్‌లోని స్ట్రక్చరల్ ఇంజనీర్ల సంస్థవారి పరీక్షకు కూర్చొన్నారు. కొంతకాలం మద్రాసు తిరిగివచ్చి తండ్రి పరిశోధనలకు సహాయం చేశారు. సుబ్బారావుగారు విద్యుత్తుతో పలికే సంగీత వాద్యం, పొగలేని పొయ్యి మొదలైనవాటి మీద ప్రయోగాలు చేస్తుండేవారు. ఆ పనిలో ఆసక్తి ఉన్నది గాని ఆదాయం లేదు. 1948లో లలిత కలకత్తాలో అసోసియేటెడ్ ఎలెక్ట్రికల్ ఇండస్ట్రీస్ అనే బ్రిటిషు కంపెనీలో చేరారు. సుమారు ముప్పై ఏళ్లు ఆ పనిలోనే ఉన్నారు.

ఆమె చేసిన పని ఎటువంటిది? విద్యుత్ ప్రసార మార్గాల డిజైను, సబ్‌స్టేషనుల అమరిక, రక్షణ పరికరాల ఏర్పాటు. ఈ మాటలు హైస్కూలు విద్యార్థికి కొత్తగా కనబడవచ్చును గాని, వీటి వెనుక ఉన్న సూత్రాలు భౌతికశాస్త్ర పుస్తకంలో ఉన్నవే.

కొండలలో నీటి శక్తితో పుట్టిన విద్యుత్తు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న పట్టణానికి పోవాలి. తీగకు నిరోధం ఉంటుంది. దాని గుండా ప్రవాహం పోతుంటే కొంత శక్తి వేడిగా మారి వృథా అవుతుంది. ఆ నష్టం ప్రవాహపు వర్గానికి అనుపాతంలో ఉంటుంది. లెక్క తేలికగా ఉండటానికి ఏకముఖ విద్యుత్తు అనుకొందాం. 1000 కిలోవాట్ల శక్తిని 10,000 వోల్టుల వద్ద పంపితే ప్రవాహం 100 ఆంపియర్లు. తీగ నిరోధం 10 ఓములయితే నష్టం 100 × 100 × 10, అనగా 1,00,000 వాట్లు. పంపినదానిలో పదవ వంతు దారిలోనే పోయింది. అదే శక్తిని 1,00,000 వోల్టుల వద్ద పంపితే ప్రవాహం 10 ఆంపియర్లు, నష్టం 1000 వాట్లు మాత్రమే. వోల్టేజి పది రెట్లు పెంచితే నష్టం నూరవ వంతుకు దిగింది. దూరమార్గాలలో అధిక వోల్టేజి వాడటానికి కారణం ఇదే.

అయితే వోల్టేజి పెరిగినకొద్దీ తీగను భూమికి, చెట్లకు, మనుషులకు దూరంగా ఎత్తున కట్టాలి. ఇక్కడ రెండవ లెక్క వస్తుంది. రెండు గోపురాల మధ్య కట్టిన తీగ ఎంత బిగించినా సరళరేఖగా నిలవదు. బట్టలు ఆరవేసే తాడు వలెనే మధ్యలో కిందికి వంగుతుంది. తీగ బరువు మీటరుకు 1 కిలోగ్రాము, గోపురాల మధ్య దూరం 300 మీటర్లు, తీగలోని బిగువు 1500 కిలోగ్రాముల బరువుకు సమానం అనుకొంటే, మధ్యలో తీగ సుమారు 7.5 మీటర్లు వంగుతుంది. గోపురాల సంఖ్య తగ్గించి ఖర్చు మిగుల్చుకొందామని దూరాన్ని 600 మీటర్లు చేస్తే వంపు 15 మీటర్లు కాదు, 30 మీటర్లు అవుతుంది. ఎందుకంటే అది దూరపు వర్గంతోపాటు పెరుగుతుంది. తీగను ఇంకా బిగిస్తే వంపు తగ్గుతుంది గాని, చలికాలంలో లోహం సంకోచించినప్పుడు బిగువు మరింత పెరిగి తెగే ప్రమాదం ఉన్నది. వదులుగా కడితే వేసవిలో సాగి నేలకు దగ్గరపడుతుంది. గాలివాన తాకిడి ఒకటి ఉండనే ఉన్నది. ప్రతి మార్గానికి నేల ఎత్తుపల్లాలను బట్టి, వాతావరణాన్ని బట్టి ఈ లెక్కలన్నీ మళ్లీ వేయాలి.

మూడవది రక్షణ. ఎక్కడో తీగ తెగి నేలమీద పడినా, పిడుగు పడినా, ఆ క్షణంలో ప్రవాహం విపరీతంగా పెరుగుతుంది. దానిని రిలే అనే పరికరం గుర్తించి, సర్క్యూట్ బ్రేకరుకు ఆజ్ఞ ఇస్తే అది మార్గాన్ని తెంచివేస్తుంది. ఇదంతా సెకనులో చిన్న భాగంలో జరిగిపోవాలి. పాడైన భాగం మాత్రమే ఆగిపోవాలి. మిగిలిన ఊళ్లకు దీపాలు వెలుగుతూనే ఉండాలి. ఏ రిలే ముందు పనిచేయాలి, ఏది వెనుక పనిచేయాలి అనే క్రమం ఏర్పరచటంలో ఇంజనీరు బుద్ధి తేలుతుంది. ఇంటిలో ఒక గది ఫ్యూజు పోతే ఇల్లంతా చీకటి కాకుండా ఉండటం చూసినవారికి ఈ సూత్రం తెలిసినట్లే.

లలిత ఇటువంటి లెక్కల మధ్య జీవితం గడిపారు. 1963లో జాతికి అంకితమైన భాక్రా నంగల్ ప్రాజెక్టు విద్యుత్ జనరేటర్ల పనిలో కూడ ఆమెకు పాలు ఉన్నది. భాక్రా ఆనకట్ట ఎత్తు 226 మీటర్లు. స్వతంత్ర భారతం చేపట్టిన మహానిర్మాణాలలో అది ముఖ్యమైనది. వితంతువు ఒంటరిగా దూర ప్రయాణాలు చేయటం ఆనాటి సంఘం మెచ్చని విషయం గనుక, పని స్థలాలకు పోవటం కంటె డిజైను గదిలోనే ఆమె పని ఎక్కువగా సాగింది. ఆమె కొలువు చేసిన ఊళ్లను చూస్తే మరొక సంగతి తెలుస్తుంది. సిమ్లాలో ఒక సోదరుడు, కలకత్తాలో మరొక సోదరుడు కాపురం ఉన్నారు. పనికి పోయినప్పుడు బిడ్డను చూసే ఇల్లు ఎక్కడ ఉన్నదో, ఉద్యోగం అక్కడ వెతుక్కోవలసి వచ్చింది. పట్టా చేతికి వచ్చినంత మాత్రాన దేశమంతా తెరచిన పొలం కాలేదు.

తోటివారిద్దరి దారి వేరు. లీలమ్మ జార్జి తిరువాన్కూరు ప్రభుత్వంలోను, థ్రెసియా కొచ్చి ప్రభుత్వంలోను ప్రజాపనుల శాఖలో చేరారు. అది డిజైను గది ఉద్యోగం కాదు. బాటలు, వంతెనలు, ఆసుపత్రి భవనాలు కట్టించే పని. ఎండలో డేరాలలో ఇంజనీరు అనే ఆ పాత చిత్రంలోనికే ఒక స్త్రీ నడిచిపోయింది. థ్రెసియా సెక్షన్ ఆఫీసరుగా మొదలుపెట్టి మెట్టు మెట్టుగా ఎక్కి, 1971లో కేరళ రాష్ట్రపు చీఫ్ ఇంజనీరు అయినారు. మన దేశంలో ఆ పదవి పొందిన మొదటి స్త్రీ ఆమె. వానలు ఎక్కువగా కురిసే కేరళలో తారు బాటలు త్వరగా పాడవుతుంటే, తారులో రబ్బరు కలిపి వేసే ప్రయోగాన్ని ప్రోత్సహించారు. రబ్బరు తోటలున్న ప్రాంతానికి తగిన ఆలోచన.

ఈ మధ్యకాలంలో తెలుగునాటి విద్యార్థులకు గిండీ ప్రయాణం తప్పే రోజులు కూడ వచ్చినవి. 1946లో రెండు ప్రభుత్వ ఇంజనీరింగు కళాశాలలు ఏర్పడినవి. ఒకటి విశాఖపట్నం పేరుతో ప్రారంభమై కాకినాడలో స్థిరపడింది. రెండవది అనంతపురానికి ఉద్దేశించినది. దాని తొలి తరగతులు గిండీ ఆవరణలోనే జరిగి, 1948లో అనంతపురం చేరినవి. 1972లో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఈ రెండూ చేరినవి.

లండన్‌లోని ఎలెక్ట్రికల్ ఇంజనీర్ల సంస్థ లలితను 1953లో అసోసియేట్ సభ్యురాలిగాను, 1966లో పూర్తి సభ్యురాలిగాను ఎన్నుకొన్నది. 1964 జూనులో న్యూయార్కు నగరంలో మహిళా ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల మొదటి అంతర్జాతీయ మహాసభ జరిగింది. భారతదేశంలో అప్పటికి అటువంటి సంఘం లేదు. ప్రతినిధిగా పంపేవారు లేక, ఆమె స్వంత హోదాలోనే పోయి పాల్గొన్నారు. తిరిగి వచ్చిన తరువాత ఇంగ్లీషు మహిళా పత్రికలు ఆమె సంభాషణలను ప్రకటించినవి. గిండీలో చేరిన ఇరవై నాలుగేళ్లకు ఆమె సంగతి దేశంలో పలువురికి తెలిసింది. 1967లో కేంబ్రిడ్జిలో రెండవ మహాసభ జరిగినప్పుడు మన దేశం తరఫున ఏర్పాట్లు చూసినది ఆమెయే. ఈసారి భారతదేశం నుంచి పోయినవారు ఒక్కరు కాదు.

1977లో లలిత ఉద్యోగ విరమణ చేశారు. 1979 అక్టోబరులో, అరవై ఏళ్ల వయస్సులో మరణించారు. గిండీ కళాశాల అంతకు ముందటి ఏడే అన్నా విశ్వవిద్యాలయంలో భాగమయింది. థ్రెసియా కేరళ చీఫ్ ఇంజనీరు పదవి నుంచి విరమించినది కూడ 1979లోనే.